హారన్ స్పీకర్లకు పాత యాంప్లిఫయర్: లెక్కగట్టి, పరీక్షించి, కుదుర్చుకునే పద్ధతి

మూతబడిన సినిమా హాలు నుంచి వచ్చిన హారన్ (బాకా మూతి) పెట్టెలు కావచ్చు, క్లిప్ష్ హెరెసీ లాంటివి కావచ్చు, 15 అంగుళాల మైక్‌సెట్ స్పీకర్లు కొని వడ్రంగితో ఇక్కడే చేయించుకున్న పెట్టెలు కావచ్చు. వీటిని ఇంట్లో పెట్టుకున్నవాళ్లు యాంప్లిఫయర్ కోసం వెతకడం మొదలుపెట్టగానే అడిగేది ‘ఎన్ని వాట్లు ఉండాలి?’ అని. అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. ఈ స్పీకర్లకు వాట్లు పెద్దగా అక్కర్లేదు. కావలసినవి రెండే: వాల్యూమ్ సున్నాలో ఉన్నప్పుడు నిశ్శబ్దం, మొదటి అర వాట్‌లో శుభ్రమైన శబ్దం. యాభై ఏళ్ల నాటి సెట్లలో ముందుగా చెడేవి కూడా సరిగ్గా ఈ రెండే. మామూలు స్పీకర్ల వెనక దాక్కునే లోపాలన్నీ హారన్ ముందు బయటపడతాయి.

ముందు స్పీకర్‌ని కొలవండి

స్పీకర్‌కి 1 వాట్ ఇచ్చి 1 మీటరు దూరంలో కొలిచిన శబ్దమే దాని సెన్సిటివిటీ. చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు 85–87 డీబీ (డెసిబెల్) దగ్గర ఉంటాయి. జేబీఎల్ 2226హెచ్ లాంటి 15 అంగుళాల డ్రైవర్ 97. క్లిప్ష్‌హార్న్‌కి కంపెనీ చెప్పే అంకె 105. కేటలాగులో ‘2.83 వోల్టులకు’ అని రాసి ఉంటే ఒక్క క్షణం ఆగండి. 8 ఓంల స్పీకర్‌కి అది 1 వాట్, 4 ఓంల స్పీకర్‌కి 2 వాట్లు. కాబట్టి 4 ఓంల స్పీకరైతే ఆ అంకెలోంచి 3 తీసేయాలి.

ఇప్పుడు లెక్క. 98 డీబీ స్పీకర్లు రెండు, మీరు కూర్చునేది 3 మీటర్ల దూరంలో. దూరానికి 9 డీబీ పైచిలుకు పోతుంది, రెండో స్పీకర్ వల్ల ఓ 3 తిరిగి వస్తుంది. గది గోడల సాయాన్ని పక్కన పెట్టినా, వాట్‌కి 91 డీబీ మీ చెవికి చేరుతుంది. హాల్లో కూర్చుని కాస్త గట్టిగా పాట వినే స్థాయి సగటున 78 డీబీ అనుకుందాం. అంటే 1 వాట్ కంటే 13 డీబీ తక్కువ చాలు, 0.05 వాట్! మృదంగం మీద దెబ్బ పడ్డప్పుడో, కోరస్ లేచినప్పుడో శబ్దం సగటు కంటే 20 డీబీ పైకి ఎగిరినా 5 వాట్లతో సరిపోతుంది. అదే 86 డీబీ స్పీకర్లకు దీనికి 16 రెట్లు, అంటే 80 వాట్లు కావాలి. 10 నుంచి 40 వాట్ల మధ్య ఏ పాత సెట్టయినా మీకు చాలునని దీన్నిబట్టే తెలుస్తోంది. 160 వాట్ల పయనీర్ ఎస్‌ఎక్స్-1250 కోసం పెట్టే అదనపు డబ్బు మీ స్పీకర్లకు ఏమీ చేయదు.

తర్వాత ఇంపెడెన్స్, అంటే కరెంటుకు స్పీకర్ పెట్టే అడ్డు. స్పీకర్ తీగలు విప్పి మల్టీమీటర్‌తో ఓంలు చూడండి. 5.5–7 చూపిస్తే 8 ఓంల స్పీకర్, 10–13 అయితే 16 ఓంలది. పాత హాలు స్పీకర్లలో 16 ఓంలవి చాలా ఉంటాయి. ట్రాన్సిస్టర్ సెట్‌కి 16 ఓంలు తగిలిస్తే వాట్లు దాదాపు సగానికి పడతాయి. పై లెక్క ప్రకారం దానికి దిగులు పడక్కర్లేదు, పైగా సెట్ చల్లగా నడుస్తుంది. వాల్వు సెట్ అయితే మాత్రం వెనక 4, 8, 16 అని ఉన్న టెర్మినళ్లలో సరైనదానికే కలపాలి.

ఏ తరం సెట్టు?

అన్నిటికంటే సహజమైన జత వాల్వు పుష్‌పుల్, అంటే జంట వాల్వులు చెరో సగం పని చేసే సెట్టు. ఈఎల్84 వాల్వులతో చానల్‌కి 10–17 వాట్లు ఇచ్చే లీక్ స్టీరియో 20, డైనాకో ఎస్‌టీ-35 లాంటివి ఈ స్పీకర్ల కోసమే పుట్టినట్టుంటాయి. డైనాకో ఎస్‌టీ-70 (1959, ఈఎల్34, 35 వాట్లు), ఒక్కోటి 15 వాట్లిచ్చే క్వాడ్ 2 మోనోలు, 7591 వాల్వుల ఫిషర్ 500సీ రిసీవర్ (రేడియో కలిసిన యాంప్లిఫయర్) కూడా బాగా కుదురుతాయి. మన దేశంలో బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) చేసిన ఈఎల్84 వాల్వులు పాత స్టాకులో ఇప్పటికీ దొరుకుతాయి. ఒక హెచ్చరిక మాత్రం గుర్తుంచుకోండి: స్పీకర్ తగిలించకుండా వాల్వు సెట్‌లో పాట పెట్టకూడదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది. ఆ సెట్‌లో అన్నిటికంటే ఖరీదైనదీ, దొరకనిదీ అదే.

పాత రేడియోల్లోంచి యాంప్లిఫయర్ భాగం తీసి వాడదామనుకునేవాళ్లు వాల్వుల పేర్లు చూడండి. యూఎల్84, యూసీఎల్82 అని ‘యూ’తో మొదలైతే అది సాధారణంగా మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ లేని సెట్టు, చాసిస్ నేరుగా కరెంటుకే కలిసి ఉంటుంది. ఫోనో (రికార్డు ప్లేయరు), ఫోను ఏదీ దానికి తగిలించకండి. ప్రాణం మీదికి వస్తుంది.

1960లనాటి తొలి ట్రాన్సిస్టర్ సెట్లను, ముఖ్యంగా జెర్మేనియంవాటిని, వదిలేయడమే మంచిది. వాటిలో క్రాసోవర్ డిస్టార్షన్ (ఒక ట్రాన్సిస్టర్ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు వచ్చే కుదుపు) చిన్న శబ్దాల దగ్గరే ఎక్కువ, మీరు వినేదేమో అక్కడే.

ఎక్కువమందికి నిజంగా పనికొచ్చేవి 1970లలో వచ్చిన సెట్లలో, ముఖ్యంగా జపాన్‌వాటిలో, చిన్నవి. మరాంట్జ్ 2215, 2230 (చివరి రెండంకెలే వాట్లు), పయనీర్ ఎస్‌ఎక్స్-450 (15 వాట్లు), 550 (20), 650 (35), ఆ స్థాయి సాన్సుయి, యమహా సెట్లు, 1978లో వచ్చిన 20 వాట్ల ఎన్‌ఏడీ 3020. యమహా సీఏ-1000 దొరికితే ఇంకా అదృష్టం, 15 వాట్ల క్లాస్-ఏ (రెండు ట్రాన్సిస్టర్లూ ఎప్పుడూ కలిసి పనిచేసే పద్ధతి) స్విచ్ దానికి ఉంది. యమహా రిసీవర్లలో తిప్పే లౌడ్‌నెస్ నాబ్ ఉండటం తక్కువ శబ్దంలో వినేవాళ్లకు నిజమైన సౌకర్యం. వాట్ల అంకెను నమ్మేముందు అది ఏ కాలానిదో చూడండి. 1974లో అమెరికాలో ఎఫ్‌టీసీ (ప్రభుత్వ వాణిజ్య సంఘం) నియమం వచ్చాక కంపెనీలు నిరంతరంగా ఇచ్చే వాట్లను చెప్పాల్సి వచ్చింది. అంతకుముందు ‘మ్యూజిక్ పవర్’ అని రాసుకున్నవి, మన దగ్గర 90లలో డబ్బాల మీద పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ వాట్లు) అని వేసుకున్నవి లెక్కలోకి తీసుకోకూడదు.

ఎస్‌టీకే ఐసీ (అవుట్‌పుట్ భాగమంతా ఒకే ముక్కలో) ఉన్న 80ల, 90ల సెట్లు చవగ్గా వస్తాయి. ఐసీ బాగున్నంతకాలం ఇబ్బంది లేదు. పోయిందంటే, బజార్లో దొరికేవాటిలో నకిలీలు ఎక్కువ. ఇక మైక్‌సెట్ యాంప్లిఫయర్ ఇంటికి పనికొస్తుందా అంటే, రాదనే చెప్పాలి. అది వీధి చివరికి గొంతు వినిపించడానికి చేసింది, గదిలో నిశ్శబ్దం దాని పని కాదు. వాడితే మాత్రం 100 వోల్టుల లైను టెర్మినల్‌కి 8 ఓంల స్పీకర్‌ని కలపకండి.

కరెంటు సంగతి

ఇక్కడికి వచ్చే పాత సెట్లు మూడు దారుల్లో వస్తాయి: గల్ఫ్ నుంచి, అమెరికాలో ఉన్న పిల్లల దగ్గర్నుంచి, జపాన్ నుంచి దిగుమతయ్యే సెకండ్‌హ్యాండ్ సరుకులోంచి. గల్ఫ్ సెట్ల వెనక 110/120/220/240 మార్చుకునే సెలెక్టర్ సాధారణంగా ఉంటుంది, దాన్ని 240లో పెట్టండి. అమెరికా సెట్లు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. జపాన్ సెట్లు 100 వోల్టులు.

పొరపాటు జరిగేది 100 వోల్టుల దగ్గరే. బజార్లో అడిగితే ఇచ్చేది 230 నుంచి 110 చేసే ట్రాన్స్‌ఫార్మర్. రాత్రిపూట లోడు తగ్గి మీ వీధిలో 245 వచ్చిందనుకోండి, దాని అవుట్‌పుట్ 117 అవుతుంది. 100 వోల్టుల సెట్‌కి అది 17 శాతం ఎక్కువ. మెయిన్ కండెన్సర్లు ఉబ్బుతాయి, ట్రాన్స్‌ఫార్మర్ కాగుతుంది. కచ్చితంగా 100 వోల్టులని చెప్పి చుట్టించుకోండి. సెట్ వెనక రాసిన వాట్లకు రెట్టింపు వీఏ ఉండాలి, 90 వాట్లు రాసి ఉంటే 200 వీఏ తీసుకోండి. జపాన్‌లో తూర్పున 50, పడమర 60 హెర్ట్జ్ కాబట్టి ఆ సెట్లకు మన 50తో పేచీ లేదు. అమెరికాకు మాత్రమే చేసిన 60 హెర్ట్జ్ సెట్లు ఇక్కడ కాస్త ఎక్కువ కాగుతాయి, కొన్నిటి ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటుంది. గంటసేపు నడిపాక ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి నిలవకపోతే ఆ సెట్టు వద్దు.

వాల్వు సెట్‌లో హీటర్ (వాల్వును వేడెక్కించే తీగ) దగ్గర ఏసీ వోల్టేజీ కొలిచి చూడండి. 6.0–6.6 మధ్య ఉండాలి. 6.9 వస్తుంటే సెలెక్టర్ 220లో ఉండిపోయిందన్నమాట. వాల్వుల ఆయుష్షు అలాగే కరిగిపోతుంది.

రేడియో కోసం కూడా రిసీవర్ కొంటుంటే ఇంకో మాట. జపాన్ దేశీయ సెట్ల ఎఫ్ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే. విజయవాడలో 98.3, 102.2 వాటిలో దొరకవు. డిజిటల్ ట్యూనర్ ఉన్న అమెరికా సెట్లు మీడియం వేవ్‌లో 10 కిలోహెర్ట్జ్ అంగలేస్తాయి, విజయవాడ ఆకాశవాణి 837 మీద ఉంటుంది. 830 దగ్గరో 840 దగ్గరో ఆగిపోతాయి తప్ప సరిగ్గా కూర్చోవు. ముల్లు తిరిగే పాత డయల్ సెట్‌కి ఈ బాధ లేదు.

అమ్మేవాళ్ల ఇంట్లో అరగంట

వెంట తీసుకెళ్లాల్సినవి: మల్టీమీటర్, టార్చి, స్టార్ స్క్రూడ్రైవర్, ఫోన్ నుంచి ఆర్‌సీఏకి కేబుల్, 5 పిన్నుల డిన్ కన్వర్టర్, పోయినా బాధలేని చిన్న స్పీకర్లు రెండు, హోల్డర్‌కి సిరీస్‌లో తీగ వేసిన 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు (ఎల్ఈడీ పనికిరాదు), అన్నిటికంటే ముఖ్యంగా ఒక హారన్ ట్వీటర్. మైక్‌సెట్ సామాన్లు అమ్మే చోట 8 ఓంల హారన్ డ్రైవర్ దొరుకుతుంది. దానికి సిరీస్‌లో 10 మైక్రోఫారడ్ నాన్‌పోలార్ కండెన్సర్ కలపండి. 2 కిలోహెర్ట్జ్ పైనున్నదే దానిలోకి వెళుతుంది, డీసీ వచ్చినా ఆ కండెన్సర్ ఆపేస్తుంది. సెట్ చేసే సర్రుమనే శబ్దమంతా పై స్వరాల్లోనే ఉంటుంది కాబట్టి, మీ పెద్ద పెట్టెలు మోసుకెళ్లకుండానే ఇంట్లో వినబోయేది అక్కడే వినొచ్చు.

1. కరెంటు పెట్టకముందు మూత తీయించండి. కండెన్సర్ల తల ఉబ్బిందా, జిగురు గోధుమరంగుకి తిరిగిందా చూడండి. 70ల చివర, 80ల మొదట్లో జపాన్ సెట్లలో వాడిన కొన్ని జిగుర్లు పాతబడి పక్కనున్న తీగల్ని తినేస్తాయి. సెట్ ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన ఇంటిదైతే చాసిస్ మూలల్లో బురద గీత, ట్రాన్స్‌ఫార్మర్ రేకుల మధ్య తుప్పు కనిపిస్తాయి. ఎంత చవకైనా తీసుకోకండి.

2. బల్బు సిరీస్‌లో పెట్టి స్విచ్ వేయండి. ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిది. వెలుగు తగ్గకుండా అలాగే ఉంటే లోపల షార్టు ఉంది. వాల్వు సెట్ అయితే ముందే పాత స్పీకర్లు తగిలించండి.

3. బల్బు తీసేసి, స్పీకర్లు లేకుండా (ట్రాన్సిస్టర్ సెట్‌కే ఈ పని) స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ మిల్లీవోల్టులు చూడండి. 20 లోపు బాగుంది, 50 దాకా సర్దుకోవచ్చు. 100 దాటితే మరమ్మతు ఖర్చు ధరలోంచి తగ్గించాల్సిందే. వోల్టుల్లో ఉంటే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ పోయిందని అర్థం.

4. పాత స్పీకర్లతో పాట వినండి. ప్రతి స్విచ్చీ, ప్రతి నాబూ తిప్పండి. గరగర వస్తే కడిగితే పోతుంది. ఒక చానల్ వచ్చి పోతూ ఉండి వాల్యూమ్ పెంచితే తిరిగి వస్తుంటే రిలే (స్పీకర్లను కలిపే లోపలి స్విచ్) కాంటాక్టులు నల్లబడ్డాయని లెక్క. తక్కువ వాల్యూమ్‌లో వినే మీకు ఇది రోజూ ఎదురయ్యే జబ్బు.

5. ఇప్పుడు హారన్ ట్వీటర్ తగిలించి, ఫ్యాను ఆపించి, వాల్యూమ్ పూర్తిగా తగ్గించి చెవి దగ్గర పెట్టండి. ఒక్కో చానల్ విడివిడిగా. మెత్తని సర్ మాత్రమే ఉండి, అడుగు దూరం జరగగానే మాయమైతే కొనేయవచ్చు. చిటపటలు, వచ్చిపోయే గాలి హోరు ఉంటే ట్రాన్సిస్టర్లు పాడయ్యాయి. 2ఎస్‌సీ458, 2ఎస్‌ఏ726 నంబర్లు ఈ రోగానికి పేరుపడ్డాయి, మార్చితే నయమవుతుంది. శబ్దం వాల్యూమ్‌తోపాటు పెరుగుతుంటే లోపం వాల్యూమ్‌కి ముందున్న భాగంలో ఉంది. వాల్యూమ్‌తో సంబంధం లేకపోతే తర్వాతి భాగంలో.

ఎంత శబ్దం ఎక్కువో అంకెల్లో చెప్పాలంటే: 8 ఓంల మీద 1 మిల్లీవోల్ట్ హిస్ (సర్రుమనే శబ్దం) అంటే 1 వాట్ కంటే 69 డీబీ తక్కువ. 98 డీబీ స్పీకర్ ముందు మీటరు దూరంలో అది 29 డీబీ. రాత్రి తొమ్మిది తర్వాత గుంటూరు బ్రాడీపేటలో ఓ లోపలి గదిలో అది వినపడుతుంది. 0.3 మిల్లీవోల్ట్‌కి దిగితే 18 డీబీ చిల్లర, ఇక చెవికి ఆనదు. అదే సెట్ 86 డీబీ స్పీకర్లతో 1 మిల్లీవోల్ట్ దగ్గర కూడా ఎవరికీ వినపడదు.

ఇంటికి తెచ్చాక

మొదటి వారం శుభ్రతకే. స్విచ్చులకు, నాబులకు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఒక్కోటి ఇరవైసార్లు తిప్పండి. తలుపు బందులకు కొట్టే తుప్పు స్ప్రే వాడకండి, దాని జిడ్డు దుమ్మును పట్టి ఆర్నెల్లలో మళ్లీ గరగర తెస్తుంది.

తర్వాత బయాస్. ఈ స్పీకర్ల విషయంలో అసలు కీలకం ఇదే కాబట్టి ఎందుకో తెలుసుకోవాలి. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఖాళీగా ఉన్నప్పుడు వాటిలో పారే కరెంటు (అదే బయాస్) 50 మిల్లీఆంపులైతే, 8 ఓంల మీద సుమారు 0.04 వాట్ దాకా రెండు ట్రాన్సిస్టర్లూ కలిసి పనిచేస్తాయి, అంటే క్లాస్-ఏ. పైన లెక్కేసిన మీ సగటు 0.05 వాట్. అంటే సగటు శబ్దం దాదాపు ఆ శుభ్రమైన చోటే నడుస్తుంది. ఏళ్లు గడిచి బయాస్ 5 మిల్లీఆంపులకు దిగితే, ఒక ట్రాన్సిస్టర్ నుంచి ఇంకోదానికి మారే కుదుపు సరిగ్గా గాయని గొంతు మీద పడుతుంది. వీణ తీగ చివర గరుకుగా వినిపిస్తే ‘హారన్లే అంత’ అని స్పీకర్లను తిట్టుకుంటారు. తప్పు వాటిది కాదు.

కొలిచేది ఇలా: సెట్ అరగంట నడిచాక, పాట ఆపి, ఎమిటర్ రెసిస్టర్ (అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్‌కి కలిసి ఉండేది) రెండు చివరల మధ్య డీసీ మిల్లీవోల్టులు చూడండి. 0.33 ఓంల మీద 10 మిల్లీవోల్టులు వస్తే 30 మిల్లీఆంపులు. ఎంత పెట్టాలన్నది ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్లో ఉన్న అంకె మాత్రమే, ఎక్కువ పెడితే ఇంకా మంచిదనుకోకండి. వాల్వు సెట్‌లో 300 నుంచి 450 వోల్టులుంటాయి. ప్లగ్గు పీకాక కూడా కండెన్సర్లలో మిగులుతుంది. 2.2 కిలో ఓంల 5 వాట్ల రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటరుతో చూసి, అప్పుడే చెయ్యి పెట్టాలి. అలవాటు లేకపోతే పాత వాల్వుల పని తెలిసిన మెకానిక్‌కే వదిలేయండి. విడిభాగాలు విజయవాడ గవర్నర్‌పేటలో దొరక్కపోతే హైదరాబాద్ కోఠీ, చెన్నై రిచీ స్ట్రీట్ ఉన్నాయి. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో కూడా నకిలీలు తిరుగుతున్నాయి, అతి చవగ్గా ఇస్తుంటే అనుమానించండి.

వాల్యూమ్ నాబ్ తిరగడానికి చోటు లేకపోతే

ఇది అందరికీ వచ్చే ఫిర్యాదు. పాత సెట్ల ఆక్స్ (బయటి పరికరాల ఇన్‌పుట్) 150 మిల్లీవోల్టులకే పూర్తి శబ్దం ఇచ్చేలా చేశారు, ఇప్పటి డీఏసీ (డిజిటల్ పాటను సిగ్నల్‌గా మార్చే పెట్టె) ఇచ్చేది 2 వోల్టులు. పైగా స్పీకర్లు గట్టివి. నాబ్ ఒక గీత కదిపితే ఇల్లు దద్దరిల్లుతుంది, ఆ మొదటి గీత దగ్గరే కుడి ఎడమల మధ్య తేడా ఎక్కువ.

సెట్ వెనక ప్రీ-అవుట్ (వాల్యూమ్ ఉన్న ముందు భాగం, అంటే ప్రీయాంప్, అవుట్‌పుట్), మెయిన్-ఇన్ (పవర్ భాగం ఇన్‌పుట్) మధ్య యూ ఆకారపు లింకులుంటే మందు సులభం. లింకు తీసి, చానల్‌కి ఒకటి చొప్పున 10 కిలో ఓంలు సిరీస్‌లో, దాని తర్వాత మెయిన్-ఇన్ వైపు 4.7 కిలో ఓంలు గ్రౌండ్‌కి పెట్టండి. మెటల్ ఫిల్మ్ పావు వాట్ రెసిస్టర్లు నాలుగు చాలు. 10 డీబీ తగ్గుతుంది, ప్రీయాంప్ హిస్ కూడా అంతే తగ్గుతుంది. లింకులు లేకపోతే ఇదే జతను ఆక్స్ ముందు పెట్టొచ్చు, నాబ్ ఇబ్బంది పోతుంది కానీ హిస్ అలాగే ఉంటుంది.

ఇంట్లో చేయించుకున్న పెట్టెలకు ఇంకో మార్గం ఉంది. వాటిలో హారన్ 107 డీబీ, వూఫర్ 97 ఉండటం మామూలు. హారన్‌కి మాత్రమే 5.6 ఓంలు సిరీస్‌లో, 3.9 ఓంలు డ్రైవర్‌కి అడ్డంగా, 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్లు వేస్తే 10 డీబీ తగ్గి రెండూ సమం అవుతాయి. హిస్ వచ్చేది హారన్ లోంచే కాబట్టి అదీ అంతే తగ్గుతుంది.

గుర్రుమంటుంటే

లోతుగా ఊఁ అనే శబ్దం (హమ్) 50 హెర్ట్జ్, అది ఎర్తు తీగలు చుట్టులా కలిసి వాటిలో కరెంటు తిరగడం వల్ల వస్తుంది. కేబుల్ టీవీ బాక్స్, కంప్యూటర్ ఒక్కోటీ పీకి చూస్తే ఏది కారణమో తెలుస్తుంది. బర్రుమనే శబ్దం 100 హెర్ట్జ్, మెయిన్ కండెన్సర్లు ఎండిపోయాయి. హమ్ పోతుందని మూడో పిన్ను విరగ్గొట్టే అలవాటు మానండి. ఎండాకాలం నేల బిగుసుకుపోయి ఎర్తింగ్ గుంత పనిచేయడం తగ్గుతుంది. ఏప్రిల్ నుంచి వారానికో బిందె నీళ్లు పోస్తే చాలాసార్లు సర్దుకుంటుంది.

మేలో బయట 45 డిగ్రీలున్నప్పుడు సెట్ పైన కనీసం నాలుగు అంగుళాల ఖాళీ ఉండాలి, టీవీ అలమరాలో మూసిపెట్టకూడదు. బయాస్ ఒకసారి చలికాలంలో, ఒకసారి నడివేసవిలో చూడండి, వేడికి అది పైకి పాకుతుంది. వానాకాలంలో బల్లులు వెచ్చదనం కోసం గాలి రంధ్రాల్లోంచి దూరి, అవుట్‌పుట్ బోర్డు మీద అడ్డంపడి షార్టు చేస్తాయి. గాలికి అడ్డం రాని పెద్ద కళ్ల వైరు జాలీని కింది రంధ్రాలకు లోపలివైపు నుంచి బిగించండి, తీగ చివరలు బోర్డుకు తగలకుండా.